కాస్త తడుముకో నాన్నా

నాన్నా,

పండక్కి వచ్చి వెళ్ళి మూడు వారాలైంది. అప్పట్నుంచీ నీకొక మాట చెప్పాలని మనసు పీకుతోంది. ఫోన్‌లో చెబితే నీకు క్లాసుకు టైమైపోతుంది, నా మాట సగంలో ఆగిపోతుంది. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

కనుమ నాడు సాయంత్రం ఉయ్యాల బల్ల మీద ఉన్నావు. ఇంటర్‌లో రెండేళ్ళు నీ పక్కన కూర్చున్న స్నేహితుడి నాన్నగారు పోయారని అప్పుడే గ్రూపులో వచ్చింది. నీ మొహం వాడిపోవడం చూశాను. కాసేపటికి, తండ్రి పోయిన స్నేహితుడికి ఏం రాయాలని ఫోన్‌లో ఏఐని అడిగావు. అది నాలుగు చక్కని ఇంగ్లీషు వాక్యాలు రాసిచ్చింది. అవి పంపేసి, ఫోన్ బోర్లా పెట్టి, చీకటి పడేదాకా పెరట్లోకి చూస్తూ కూర్చున్నావు. నీకు బాధ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎక్కడ తప్పు మాట దొర్లుతుందోనని బెదిరావు.

మన వైపు పరామర్శకు వెళ్ళినవాళ్ళు ఏం మాట్లాడతారో గమనించావా? చాలామంది ఏమీ మాట్లాడరు. చాప మీద కూర్చుంటారు. "ఎలా జరిగింది?" అని ఒకరు అడుగుతారు. ఇంటివాళ్ళు అప్పటికి పదిసార్లు చెప్పిందే పదకొండోసారి చెబుతారు. లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అని కూడా అనరు. మీ తాతయ్య పోయినప్పుడు ఎవరేమన్నారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఎవరెవరు వచ్చారో మాత్రం అందరూ గుర్తున్నారు. మనకు పాలు పోసే అతను గుమ్మం దగ్గర నిలబడి, ఏమనాలో తెలియక, తలగుడ్డ తీసి చేతిలో నలుపుతూ అలాగే ఉండిపోయాడు. అతని తడబాటు ఆ రోజు నాకెంత ఓదార్పైందో! నువ్వు కూడా ఫోన్ చేసి "ఏం చెప్పాలో తెలీట్లేదురా" అని ఊరుకున్నా, వాడికి అందాల్సింది అంది ఉండేది.

కనుమ మర్నాడు భోజనాలయ్యాక "ఇంటిగ్రేషన్ వీడియోలన్నీ చూసేశాను అమ్మమ్మా, అర్థమైపోయింది" అన్నావు. ఎక్స్ స్క్వేర్‌ని ఇ పవర్ ఎక్స్‌తో గుణించి ఇంటిగ్రేట్ చెయ్యమన్నాను. బై పార్ట్స్ సూత్రం ఒకసారి చక్కగా వేశావు. ఇంకా ఒక ఎక్స్ మిగిలింది. అదే సూత్రం మరోసారి వెయ్యాలి, అంతే. నీ పెన్ను ఆగింది. పది సెకన్లు కూడా కాలేదు, నీ ఎడం చెయ్యి దానంతటదే దిండు పక్కన ఫోన్ కోసం వెతికింది.

31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పాను. బోర్డు మీద లెక్క వేసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, కిటికీ దగ్గర నిలబడేదాన్ని. క్లాసంతా నిశ్శబ్దం. ఒకడు పెన్ను మూత కొరుకుతాడు, ఒకమ్మాయి జడ చివర వేలికి చుట్టుకుంటుంది, ఇంకొకడు రాసింది కొట్టేస్తాడు. ఎక్కడో వెనక బెంచీ నుంచి "ఆఁ!" అని చిన్న చప్పుడు. అలా తడుముకున్న రెండు మూడు నిమిషాల్లోనే లెక్క వాళ్ళ సొంతమయ్యేది. నేను తొందరపడి జవాబు చెప్పేసిన రోజు అందరూ తలలూపేవారు, పరీక్షలో తప్పేవారు.

నేను క్లాసులో చూసిందే ఒక పరిశోధనలోనూ తేలింది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ పిల్లల చేత కొన్ని పాఠాలు చదివించారు. కొందరు మళ్ళీ మళ్ళీ చదివారు. కొందరు పాఠం పక్కన పెట్టి, గుర్తొచ్చినంత కాగితం మీద రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళే నయం. వారం తర్వాత అడిగితే, గుర్తు తెచ్చుకోవడానికి అవస్థపడినవాళ్ళు వాళ్ళను దాటిపోయారు. నాకు దిగులు పుట్టించిన సంగతి ఇంకొకటి ఉంది. తమకు బాగా గుర్తుంటుందని గట్టిగా నమ్మింది మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే. నీ "అర్థమైపోయింది" నాకు అక్కడ వినపడింది.

అలాంటి అవస్థ అంటే నాకు ఒక అవధానం గుర్తొస్తుంది. నా చిన్నప్పుడు మా నాన్నగారు రామాలయం మండపంలో అష్టావధానానికి తీసుకెళ్ళారు. అవధానం అంటేనే మనసు నిలపడం. చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, నిషిద్ధాక్షరి ఆయన అక్షరం అక్షరానికీ అడ్డుపడతారు. అవధాని ఒక్కో పద్యాన్నీ ఒక్కో పాదం చొప్పున విడతలు విడతలుగా చెప్పాలి. మధ్యలో గంట మోగుతుంటుంది, ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టుకోవాలి. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన సరిగ్గా పద్యం కుదురుకునే వేళ చూసి ఏ సినిమా సంగతో ఎత్తుతారు. కాగితం, కలం ఉండవు. చివర్లో ధారణ, అన్ని పద్యాలూ మొదట్నుంచీ అప్పచెప్పాలి. ఆ రోజు అవధాని గారు ఒక పాదం దగ్గర ఆగిపోయారు. కళ్ళు మూసుకున్నారు. మండపంలో ఎవరూ కదల్లేదు, ఎవరూ అందివ్వలేదు. ఎంతసేపో తెలీదు. ఆ పాదం ఆయన నోట పలికేసరికి మా నాన్నగారి కళ్ళు చెమర్చాయి.

నీ ఫోన్‌లో ఆ గంటా ఉంది, అప్రస్తుత ప్రసంగమూ ఉంది. వాటి నుంచి పద్యానికి తిరిగి రావడం అవధానికి ఏళ్ళ సాధనతో అబ్బింది. నీకు ఆ సాధనకు సందే దొరకడం లేదు. కిందికి ఎంత జరిపినా చివర రాని పేజీని కూడా 2006లోనే తయారుచేశారు. దాన్ని తయారుచేసిన ఆజా రాస్కిన్ తర్వాత బహిరంగంగానే బాధపడ్డాడు. ఫోన్ వదల్లేకపోవడం నీ ఒక్కడి బలహీనత అని నేననుకోవడం లేదు. నువ్వూ అనుకోకు.

ఫోన్ మీద నాకు పగ లేదు. 2020లో బడులు మూతపడితే తెలంగాణలో టీ-శాట్, ఇక్కడ ఆంధ్రలో సప్తగిరి ఛానల్ పాఠాలు చెప్పాయి. రాత్రి పన్నెండింటికి డౌటు తీర్చే మాస్టారు నా చదువుకాలంలో లేరు. కానీ 2024లో పల్లెల్లో పిల్లల చదువులపై చేసిన అసర్ సర్వేలో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్ని గడిచిన వారం ఫోన్ దేనికి వాడారని అడిగితే, నూటికి 57 మంది చదువుకన్నారు, 76 మంది సోషల్ మీడియాకన్నారు. నువ్వు వాళ్ళకంటే రెండు మూడేళ్ళే పెద్ద.

నేనడిగేది చిన్నది. చిక్కుపడిన చోట, ఫోన్ తీసే ముందు ఆ కాగితం మీదే కాసేపు ఉండు. తప్పు దారైనా సరే రాయి. అప్పటికీ రాకపోతే హాస్టల్లో పక్క గదివాడి తలుపు కొట్టు. "నాకు రాలేదు" అని ఒక మనిషి మొహం చూసి చెప్పడమూ నేర్చుకోవాల్సిందే. వీడియోకి ఆ మాట చెప్పనక్కర్లేదు గనుక నీకది అలవాటు తప్పుతోంది. మెస్‌కి వెళ్ళేటప్పుడు ఫోన్ గదిలో పెట్టి వెళ్ళు. మొదటి రెండు రోజులు ఎటు చూడాలో తోచదు. ఎదురుగా ఉన్నవాడిది ఏ ఊరో అడుగు. ముక్తసరిగా చెబితే ఇంకోటి అడుగు. మధ్యలో మాట తెగిపోతే కంగారుపడకు, నా క్లాసులో పిల్లల నిశ్శబ్దం లాంటిదే అది.

ఆ స్నేహితుడి ఇంటికి ఇంకా వెళ్ళలేదు కదూ? పెద్దకర్మ అయిపోయిందని మొహమాటపడకు. మీ తాతయ్య పోయినప్పుడు, మన ఇంటికి జనం రావడం మానేశాక, నెల తిరిగాక వచ్చినవాళ్ళను చూస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. వాళ్ళ ఊరు ఇక్కణ్ణుంచి బస్సులో గంట దారి. శనివారం రాత్రికి వచ్చెయ్యి, ఆదివారం పొద్దున్నే ఇద్దరం వెళ్దాం. నేను వాళ్ళమ్మ దగ్గర కూర్చుంటాను. నువ్వు వాడితో కాలవ గట్టు దాకా నడిచిరా.

మీ అమ్మమ్మ