పులిని శీలం అడగొద్దు, మనిషికి సాకు ఇవ్వొద్దు



రాత్రి అన్నం తిన్నాక టీవీ పెడితే ఏదో ఒక ఛానల్‌లో అడవి కనిపిస్తుంది. ఆఫ్రికాలోని సెరెంగెటి గడ్డి మైదానం. పొడవాటి గడ్డిలో పొట్ట నేలకు ఆనించి ఆడసింహం పాకుతూ వస్తుంది. జీబ్రాల మంద తల వంచుకుని మేస్తుంటుంది. మంద వెనకాల ఒక పిల్ల. తర్వాత ఏం జరుగుతుందో మీకు తెలుసు, మీ పిల్లలకూ తెలుసు. దుమ్ము లేస్తుంది, మంద చెదురుతుంది, పిల్ల మెడ సింహానికి దొరుకుతుంది. చూసినవాళ్లు ఒక నిట్టూర్పు విడిచి, ‘ప్రకృతి ధర్మం అంతే మరి’ అంటారు.

ఆ మాట దగ్గర మనం ఆగాలి. ఎందుకంటే అది టీవీ ముందే ఆగిపోయే మాట కాదు, వీధిలోకి కూడా వస్తుంది. ‘బలమున్నోడు బతుకుతాడు, లేనోడు పోతాడు. అడవిలో అంతే, ఊళ్లోనూ అంతే. పెద్ద చేప చిన్న చేపను తింటుంది. మీ బుద్ధుడు అహింస అన్నాడు, సమానత్వం అన్నాడు, అవి ఈ లోకంలో చెల్లుతాయా?’ అని కాలేజీలో మన పిల్లల్ని అడుగుతారు, పనిచేసే చోట మనల్ని అడుగుతారు. జవాబు చెప్పలేక నవ్వి ఊరుకుంటే ఆ నవ్వే ఒప్పుకోలు అవుతుంది. కాబట్టి ఈసారి ఆ ప్రశ్ననే తీసుకుందాం.

పులి తప్పు చేసిందా?

జింకను చంపిన పులి పాపం చేసిందా? లేదు. బుద్ధుడు కమ్మాన్ని చేతతో కొలవలేదు, చేత వెనక ఉన్న చేతనతో కొలిచాడు. చేతన అంటే తెలిసి, ఎంచుకుని, చెయ్యాలని అనుకోవడం. పులి కడుపు గడ్డిని అరిగించుకోలేదు. దాని పళ్లు, పంజా, పేగు అన్నీ మాంసానికే ఏర్పడ్డాయి. చంపకపోతే అది చస్తుంది, దాని కూనలూ చస్తాయి. ఒక్కోసారి కోళ్లగూట్లో దూరిన నక్క తినగలిగిన దానికంటే ఎక్కువ కోళ్లను చంపి పోతుంది. అదీ మంచీచెడూ తూచి చేసింది కాదు.

పంచశీల తీసుకునేటప్పుడు మనం ఏమంటామో గుర్తు చేసుకోండి. ఎవరో ఆజ్ఞాపించారు కాబట్టి ఒప్పుకుంటున్నాం అనం. ప్రాణం తియ్యకుండా ఉండే శిక్షణను మనకై మనం స్వీకరిస్తాం. స్వీకరించడం అంటేనే, వద్దనే వీలు కూడా మన చేతిలో ఉందని అర్థం. పులికి ఆ వీలు లేదు. అందుకే పులిని శీలం అడగం.

బాబాసాహెబ్ ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ గ్రంథంలో ఈ ముడి విప్పారు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అన్నారు. బుద్ధుడు అహింసను గుడ్డిగా పాటించాల్సిన నియమంగా పెట్టలేదనీ, ఆలోచించి నడుచుకోవాల్సిన సూత్రంగా ఇచ్చాడనీ వివరించారు. నియమం మనిషిని కట్టేస్తుంది. సూత్రం మనిషికి బాధ్యత అప్పగిస్తుంది. ఆ బాధ్యత మొయ్యగలిగినవాడు మనిషి. ధమ్మం మొదలయ్యేది కూడా అక్కడే.

ఈ తేడా తెలిస్తే ఇంకో ఎత్తిపొడుపుకు కూడా జవాబు దొరుకుతుంది. ‘మాంసం తినేవాళ్లు, మీకు అహింస ఏమిటి?’ అంటారు. ఇలా అనేవాళ్లలో కొందరే కులం మాట వచ్చేసరికి ‘పెద్ద చేప, చిన్న చేప’ అంటారు. మన కంచం ముందు అహింస, మన బతుకు ముందు అడవి న్యాయం! బుద్ధుడి కాలంలో భిక్కులు భిక్షలో వచ్చిన మాంసాన్ని, తమ కోసం చంపింది కాదని తెలిస్తే, స్వీకరించారు. అహింసను కంచంలో వెతికేవాడు ముందు సాటి మనిషి పట్ల తన మనసులో ఏముందో వెతుక్కోవాలి.

అడవిలో ఉన్నది ఒక్క నియమమేనా?

ఇప్పుడు రెండో ప్రశ్న. ‘ప్రకృతి ధర్మం’ అనేవాళ్లు అసలు ప్రకృతిని సరిగ్గా చూశారా?

సింహాల గుంపులో వేట పడ్డాక బలమైనవి ముందు తింటాయి. కరువు రోజుల్లో కూనలకు మిగలదు, ఆకలితో చచ్చిపోతాయి. అదే ఆఫ్రికాలో, అదే గడ్డిలో బతికే అడవికుక్కలను చూడండి. అవీ వేటాడేవే. వేట దగ్గరికి పిల్లలు వస్తే పెద్దవి పక్కకు జరిగి పిల్లల్ని ముందు తిననిస్తాయి. ఇందులో ఏది ప్రకృతి ధర్మం? సింహానిదా, అడవికుక్కదా?

రక్తం తాగి బతికే గబ్బిలాలు మధ్య అమెరికాలో, దక్షిణ అమెరికాలో ఉన్నాయి. రెండు మూడు రాత్రులు రక్తం దొరక్కపోతే అవి బతకవు. జెరాల్డ్ విల్కిన్సన్ అనే శాస్త్రవేత్త కోస్టారికాలో వాటిని గమనించి 1984లో ఒక విషయం ప్రకటించాడు. కడుపు నిండి వచ్చిన గబ్బిలం ఆకలితో ఉన్న తోటి గబ్బిలానికి తాను తాగిన రక్తంలో కొంత కక్కి పెడుతుంది. పేరు వింటేనే జనం భయపడే జీవి అది!

ఇంకొకటి. టీవీలో చూస్తే వేట ప్రతిసారీ గెలిచినట్టే ఉంటుంది. నిజానికి సింహం వేటల్లో ఎక్కువ భాగం విఫలమే. బీబీసీ 2015లో ‘ది హంట్’ అనే ధారావాహిక తీసింది. వేటాడే జంతువులు ఎంత కష్టపడతాయో, ఎన్నిసార్లు ఓడిపోయి ఖాళీ కడుపుతో తిరిగొస్తాయో చూపించడమే దాని ఉద్దేశం. అంటే అడవిలో ‘బలవంతుడు’ అనుకున్నవాడికి కూడా రోజూ గెలుపు లేదు.

ఇదంతా అడవి మంచిదని చెప్పడానికి కాదు. అడవిలో పోటీ ఉంది, పంచుకోవడం ఉంది, క్రూరత్వం ఉంది, కాపాడుకోవడం ఉంది. అన్నీ ఉన్న చోటు నుంచి ఒక్కటే ఏరుకొచ్చి, ఇదే ధర్మం అని మన నెత్తిన పెట్టేవాడు ప్రకృతి మాట చెప్పడం లేదు. తనకు లాభమైన మాట చెప్తున్నాడు.

కెమెరా ఎవరి వైపు?

ఈ సినిమాల్లో ఒక సంగతి గమనించండి. కథ ఆడసింహంతో మొదలై, దాని కూనల ఆకలి చూపిస్తే, జీబ్రా పిల్ల దొరికినప్పుడు మనకు హమ్మయ్య అనిపిస్తుంది. కథ జీబ్రా పిల్ల పుట్టుకతో మొదలైతే అదే వేటకు మన కళ్లు చెమ్మగిల్లుతాయి. జరిగింది ఒకటే. కథ ఎవరి వైపు నుంచి చెప్పారన్నదే తేడా. ఈ దేశంలో మన కథను వేల ఏళ్లు ఎవరి వైపు నుంచి చెప్పారో మీకు వేరే చెప్పక్కర్లేదు.

కొన్నిసార్లు చూపించిందే అబద్ధం కావచ్చు. 1958లో డిస్నీ సంస్థ ‘వైట్ వైల్డర్‌నెస్’ అనే సినిమా తీసింది. ఉత్తర ధ్రువ ప్రాంతంలో బతికే లెమ్మింగులు, ఎలుకల్లాంటి చిన్న జీవులు, గుంపులుగా కొండకొన నుంచి నీళ్లలోకి దూకి చస్తాయని అందులో చూపించారు. ఆ సినిమాకు ఆస్కార్ బహుమతి వచ్చింది. లోకమంతా నమ్మింది. 1982లో కెనడా ప్రభుత్వ టీవీ అసలు సంగతి బయటపెట్టింది. ఆ జీవులు అసలు బతకని ప్రాంతానికి వాటిని కొని తీసుకొచ్చి, నీళ్లలో పడేలా చేసి చిత్రీకరించారు. మనిషి తోసేసి, ప్రకృతి చేసిందన్నాడు. ఈ వాక్యం మరోసారి చదవండి. కులం సంగతీ ఇదే.

కెమెరా చూపించనిది కూడా ఉంటుంది. సెరెంగెటిని మనుషులే లేని ఆదిమ భూమిలా చూపిస్తారు. ఆ నేల మీద పశువులు మేపుకుంటూ బతికిన మసాయి ప్రజలను 1959లో, బ్రిటిష్ పాలనలో, పార్కు కోసం అక్కడి నుంచి పంపించేశారు. మనుషుల్ని ఖాళీ చేయించాక మనుషులు లేని అడవి అన్నారు.

కేసపుత్తలో కాలాములకు బుద్ధుడు చెప్పింది ఇదే కదా. విన్నామని, గ్రంథంలో ఉందని, పెద్దవాళ్లు అన్నారని నమ్మొద్దు, మీరే పరీక్షించి చూసుకోండి అన్నాడు. ఈ రోజుల్లో ఆ వరసలో ‘తెర మీద చూశామని’ కూడా కలుపుకోవాలి.

బలవంతుడే మంచివాడా?

సరే, వాదన కోసం ఒప్పుకుందాం. బలవంతుడే మిగులుతాడు అనుకుందాం. బాబాసాహెబ్ అదే గ్రంథంలో ఈ వాదాన్ని ఎదురుగా నిలబెట్టి ప్రశ్నించారు. మనుషులు ఒకే బలంతో పుట్టరు, నిజమే. అసమానతనే ఆటకు నియమంగా పెడితే బలహీనుడు ఎప్పుడూ గోడకు నొక్కుకుపోతాడు. అలా పోటీలో మిగిలినవాడు సమాజానికి మేలైనవాడేనా? దానికి ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే సమానత్వం కావాలి, అది మేలైనవాడికి బతికే అవకాశం ఇస్తుంది అన్నారు. పోటీలో నెగ్గడం వేరు, మేలు చెయ్యడం వేరు. తరగతి గదిలో ఒక మూల ఒంటరిగా గోనెపట్టా మీద కూర్చోవాల్సి వచ్చిన పిల్లవాడు దేశానికి రాజ్యాంగం రాసే స్థాయికి వచ్చాడంటే, ఆ పిల్లవాణ్ణి అడవి న్యాయానికి వదిలేసి ఉంటే ఏం పోగొట్టుకునేవాళ్లమో ఆలోచించండి.

ఇంకో మాట. కులాన్ని అడవితో పోల్చడం అడవికే అవమానం. ఎండాకాలంలో నమీబియాలోని ఎటోషా నీటిగుంటల దగ్గర తీసిన దృశ్యాలు చూడండి. ఏనుగులు ముందు తాగుతాయి, మిగిలినవాటిని తరుముతాయి కూడా. అవి వెళ్లాక జీబ్రాలు తాగుతాయి, సింహం తాగుతుంది. జీబ్రా తాగిన నీళ్లను ఏ ఏనుగూ శుద్ధి చెయ్యదు. మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు పశువులు తాగేవి, మనవాళ్లు తాగకూడదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగితే, తర్వాత ఆవుపేడ, ఆవుమూత్రంతో చెరువును శుద్ధి చేశారు. ఏ అడవిలో ఉంది ఈ నియమం? అంటరానితనం ప్రకృతి చేసింది కాదు. చేతనతో చేసింది, తరతరాలు తెలిసి కొనసాగించింది. మనిషి చేసింది కాబట్టే మనిషి విప్పగలడు.

చూస్తూ ఊరుకోవడం ఎప్పటిదాకా?

అడవి సినిమాలు తీసేవాళ్లు ఒక కట్టుబాటు పాటిస్తారు. జరుగుతున్న దానిలో చెయ్యి పెట్టరు. జింకను కాపాడితే పులికూన పస్తుంటుంది, అందుకని. ఇది న్యాయమైన కట్టుబాటే.

2018లో ప్రసారమైన బీబీసీ ‘డైనాస్టీస్’ తీసేటప్పుడు అంటార్కిటికాలో ఒక సంఘటన జరిగింది. తుఫానులో కొన్ని ఎంపరర్ పెంగ్విన్లు పిల్లలతో సహా లోతైన మంచుగుంటలో చిక్కుకున్నాయి. గోడలు నిటారుగా ఉన్నాయి, పైకి రాలేవు. పిల్లలు చలికి చచ్చిపోతున్నాయి. చిత్రీకరిస్తున్న బృందం చాలా తర్జనభర్జన పడింది. చివరికి పారలు తీసుకుని మంచులో ఏటవాలుగా దారి తవ్వింది. ఒక్క పెంగ్విన్‌ను కూడా వాళ్లు చేత్తో తాకలేదు. దారి ఉందని తెలిశాక పెంగ్విన్లు వాటంతట అవే నడిచి పైకొచ్చాయి. వాటి కోసం కాచుకున్న వేట జంతువేదీ అక్కడ లేదు, ఎవరి నోటి కూడూ పోలేదు. ఆపడానికి ఏ కారణమూ లేనప్పుడు కట్టుబాటు కోసం కరుణను చంపుకోలేదు వాళ్లు.

నియమానికీ సూత్రానికీ బాబాసాహెబ్ చెప్పిన తేడా ఆ మంచులో కనిపిస్తుంది. మనం కూడా నేర్చుకోవలసింది ఉంది. గుంటలో ఉన్నవాణ్ణి ఎత్తుకుని మోసుకురావడమే సాయం కాదు. నడిచి రావడానికి దారి తవ్వడం కూడా సాయమే. చదువు, హాస్టలు, రిజర్వేషన్, సంఘం ఇలా తవ్విన దారులే. ఆ దారిన పైకొచ్చినవాళ్లు వెనక్కి చూడకుండా పోతే, ఊళ్లో ఇంకా గుంటలో ఉన్నవాళ్లను దూరం నుంచి చూసే కెమెరాలు అవుతారు. ఈ మాట కష్టంగా ఉండొచ్చు. ఎవరికి వాళ్లు తమను తాము అడిగి చూసుకోవాలి.

ఈసారి మీ పిల్లలు ఇలాంటి సినిమా చూస్తుంటే టీవీ ఆపకండి. పక్కన కూర్చోండి. మూడు ప్రశ్నలు అడగండి. ఆ జంతువుకు వేరే దారి ఉందా? ఈ కథ ఎవరి వైపు నుంచి చెప్తున్నారు? మనం అక్కడ ఉంటే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు? ఈ ప్రశ్నలు అలవాటైన పిల్లవాణ్ణి రేపు ఎవడైనా ‘ప్రకృతి ధర్మం’ అని బెదిరిస్తే లొంగడు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో 9వది మనుషులంతా సమానమని నమ్మడం, 13వది సకల ప్రాణుల మీద దయ చూపడం. రెండూ ఒకే మనిషి ఒకే నోటితో చేసే ప్రతిజ్ఞలు. జింక మీద దయ, పులి మీద కోపం లేకపోవడం, మనిషిని తొక్కే మనిషి ముందు తల వంచకపోవడం. ఈ మూడూ కలిస్తేనే మన కరుణకు వెన్నెముక ఉన్నట్టు.

నమో బుద్ధాయ. జై భీమ్.