రేవు నీళ్ల సీసా

అమ్మడూ,

గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో నీకు ఎమ్మెస్సీ సీటొచ్చిందని మీ నాన్న చెప్పాడు. ఆడపిల్లకి ఈ శవాల చదువేంటని మీ నాయనమ్మ పొద్దుట్నుంచీ గునుస్తోంది. ఆవిడకి నేను నచ్చజెబుతాలే. నీకు చెప్పాల్సింది వేరే ఉంది.

ముప్పై ఏళ్లు కోర్టులో బెంచి క్లర్కుగా చేశాను. మన కోనసీమలో ఏ ఊరెళ్లినా కాలువో, బోదో, గోదావరి పాయో ఉంటుంది. నీళ్లలో శవం తేలిందంటే ఒకటే పేచీ: పడి పోయాడా, చంపి పడేశారా? రేవు మెట్ల మీద జారే పాచి ఉంది చూడూ, డయాటమ్స్ అనే కంటికి కనబడని నాచు అందులోనూ ఉంటుంది, నీళ్లలోనూ ఉంటుంది. బతికుండగా మునిగితే అవి పీల్చిన నీళ్లతో ఊపిరితిత్తుల్లోకెళ్లి, రక్తంలో కలిసి, తొడ ఎముక మూలుగ దాకా చేరతాయి. గుండె ఆగాక పడేస్తే అంత దూరం పోలేవు. వాటి పెంకు గాజులాంటిది, యాసిడ్‌లో మరిగించినా కరగదు. పోల్చి చూడ్డానికి ఆ చోటి నీళ్లు కూడా ఒక సీసాలో పట్టి పంపాలి.

ఒక కేసులో ఆ సీసా చీటీ మీద రేవు పేరు లేదు, తారీఖు దిద్ది ఉంది. డిఫెన్సు లాయరు రెండే ప్రశ్నలడిగాడు. ఈ నీళ్లెక్కడివి? దిద్దిందెవరు? సాక్షి బోనులో ఉన్నాయన దగ్గర జవాబు లేదు. కేసు కొట్టేశారు. చచ్చిపోయిన కుర్రాడి తల్లి బయట వేపచెట్టు కింద నా చెయ్యి పట్టుకుని, "ఏవైంది బాబూ?" అంది. ఆవిడకేం చెప్పను తల్లీ!

డి.ఎన్.ఎ. అంటే నీకు మోజని తెలుసు. హైదరాబాదు సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ గారు పడ్డ కష్టంతో మన కోర్టుల్లో దానికి చోటు దొరికింది. ఆ పరీక్షైనా చీటీ సరిగ్గా ఉంటేనే నిలబడేది. కాబట్టి మిషన్ల కంటే ముందు సీలు వెయ్యడం, చీటీ రాయడం నేర్చుకో. డయాటమ్స్ దొరకలేదు కాబట్టి మునగలేదని రాసెయ్యకు. మునిగినవాళ్లలోనూ కొందరికి దొరకవు. ఎవరు తొందరపెట్టినా తేలినంతే రాయి.

2024 జూలై 1న కొత్త నేర విచారణ చట్టం అమల్లోకి వచ్చింది. ఏడేళ్లూ ఆపైన శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు అది జరిగిన చోటికి వెళ్లి తీరాలట. దీన్ని అమల్లో పెట్టడానికి రాష్ట్రాలకి అయిదేళ్లు గడువిచ్చారు. నీ చదువయ్యేసరికి మన రేవుల్లో దిగాల్సింది మీలాంటి పిల్లలే.

రైలెక్కే ముందు రెండ్రోజులు ఇక్కడికి రా. ముక్తేశ్వరం రేవులో ఒక సీసా, మన చేను పక్క బోదెలో ఒక సీసా నీళ్లు పట్టుకుందాం. చీటీలు నువ్వే రాయి. అక్కడ మైక్రోస్కోపులో రెండింటికీ ఏం తేడా కనబడిందో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ తాతయ్య