ఇంటి నెట్‌కు గడియ



ఇంట్లోకి ఇంటర్నెట్ వచ్చే గుమ్మం రౌటర్. కేబుల్ కుర్రాడు టీవీ వెనకాల బిగించి వెళ్లాక ఆ పెట్టెను మళ్లీ ఎవరూ ముట్టుకోరు. నెట్ ఆగితే స్విచ్ ఆపి వేయడం ఒక్కటే దానికి జరిగే సేవ. దానికి పాస్‌వర్డ్‌లు రెండుంటాయి. వైఫైది ఒకటి. అది పక్కింటి పిల్లలతో సహా అందరికీ తెలుసు. రెండోది రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లడానికి. కంపెనీ పెట్టి పంపిన ‘అడ్మిన్’ అనే మాటే చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రామ్ లక్షల కెమెరాల్లో, రౌటర్లలో దూరింది ఈ దారినే. అందులో పెద్ద తెలివి కూడా ఏమీ లేదు. కంపెనీలు ముందే పెట్టి అమ్మే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు 60కి పైగా దగ్గర పెట్టుకుని వరసగా కొట్టి చూసేది. తాళంచెవి గడప మీదే వదిలేసిన ఇళ్లన్నీ దానికి దొరికాయి. ఆ ఏడాది అక్టోబరు 21న ఆ పరికరాల దండుతోనే, వెబ్‌సైట్లకు దారి చూపే డైన్ అనే సంస్థ మీద దాడి జరిగి, ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ అమెరికాలో చాలామందికి గంటలపాటు అందలేదు. తమ ఇంటి కెమెరా ఆ దాడిలో ఉందని దాని యజమానులకు తెలియనే తెలియదు. రక్షణకు పెట్టుకున్న సీసీ కెమెరాకు పాస్‌వర్డ్ మార్చకపోవడం, కాపలాకు పెట్టుకున్నవాడి పేరైనా అడగకపోవడం లాంటిది. రెండు పాస్‌వర్డ్‌లూ మార్చి, సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఎంచి, అప్‌డేట్లు పెడితే రౌటర్ పని అయిపోతుంది. అరగంట పని.

తెలుగు ఇళ్లలో డబ్బు ఎక్కువగా పోయే దారి మాత్రం ఫోన్. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ వస్తుంది. పంపింది సొంత మేనమామ నంబరే కావచ్చు. ఆయన ఫోన్ అప్పటికే దొంగల చేతికి చిక్కి ఉంటుంది. ఫైలు పేరు చివర ‘ఏపీకే’ అన్న మూడక్షరాలు ఉంటాయి. శుభలేఖ అయితే ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్. నొక్కగానే ఫోన్ హెచ్చరిస్తుంది. అయినా సరే అంటే, ఆ యాప్ మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. పెళ్లెవరిదో చూద్దామన్న తొందరలో దానికీ సరే అంటారు. ఇక ఓటీపీ ఎవరికీ చెప్పనక్కర్లేదు, దానంతటదే వెళ్లిపోతుంది. ట్రాఫిక్ చలాన్ పేరుతోనూ, పీఎం కిసాన్ పేరుతోనూ వచ్చేవి ఇవే. ‘డబ్బులు పడాలంటే పిన్ కొట్టండి’ అనేది దీనికంటే పాత మోసం. యూపీఐలో డబ్బు రావడానికి పిన్‌తో పని లేదు.

పెన్షనర్ల ఇళ్లకు వచ్చేది డిజిటల్ అరెస్ట్ అనే మోసం. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం, వెనక గోడ మీద గాంధీ పటం. పార్సిల్‌లో మత్తుమందు దొరికిందనో, ఆధార్ మీద కేసు ఉందనో చెబుతారు. అలాంటి అరెస్టు భారత చట్టంలో లేదు. 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధాని కూడా ఇదే చెప్పారు. కాల్‌లోని ఆ దొంగ పోలీసు మొట్టమొదట చేయించే పని గది తలుపు వేయించడం, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకోవడం.

ఆ మాట అంత తేలిగ్గా ఎందుకు దొరుకుతుందన్నది ఇంట్లో చదువుకున్న పిల్లలు ఆలోచించాల్సిన సంగతి. నానమ్మ ఫోన్‌లో ఏదో నొక్కిన ప్రతిసారీ ‘ఎన్నిసార్లు చెప్పాలి నీకు’ అని విసుక్కునే మనవడున్న ఇంట్లో, ముప్పై వేలు పోయిన రోజున ఆవిడ ఎవరికీ చెప్పదు. రెండు రోజులు అన్నం సయించక తిరిగి, మూడో రోజు బయటపడుతుంది. అప్పటికి డబ్బు నాలుగైదు ఖాతాలు మారి ఏటీఎంలో నోట్లయి ఉంటుంది. ఆ విసురు మాట ఖరీదు అంతా ఇంతా కాదు. పెద్దవాళ్లు పిల్లలకు లెక్కలు నేర్పిన రోజుల్లో ఒకే తప్పు పదిసార్లు దిద్దిన సంగతి ఇక్కడ గుర్తు చేసినా తప్పు లేదు.

ఆలస్యానికి లెక్క రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల్లోనే ఉంది. ఖాతాదారు తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా డబ్బు పోతే, మూడు పనిదినాల్లో బ్యాంకుకు తెలియజేసినవారి మీద భారం పడదని అవి చెప్పాయి. ఓటీపీ తానే చెప్పి పోగొట్టుకున్నా, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదేనన్నాయి.

అనుమానపు యాప్ పెట్టేసినట్టయితే ముందు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ చేయాలి. ఎంత పోయింది, ఏ సమయానికి, ఏ ఖాతా నుంచి, లావాదేవీ నంబరెంత అని అడుగుతారు. పాస్‌బుక్ దగ్గరుంటే మేలు. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉంటే అక్కడే నిలిపివేయడానికి వీలుంటుంది. ఆ 1930 ఫోన్‌లో దాచుకునే నంబరు కాదు, ఆపద వచ్చేది ఆ ఫోన్‌కే కనుక. గోడ మీది క్యాలెండర్‌లో, గ్యాస్ నంబరు పక్కన, నానమ్మ అద్దాలు లేకుండా చదవగలిగేంత పెద్ద అంకెల్లో ఉండాలి.


తాతయ్య