అరువు గొంతు

వీణకి కుండ వుంది. తంబురాకీ కుండ వుంది. మామూలు గిటారుకి కూడా బోలు పొట్ట వుంది. ఎలక్ట్రిక్ గిటార్లలో చాలావాటికి ఆ పొట్ట కూడా లేదు, వట్టి చెక్కపలక. తీగె మీటితే పక్కగదిలోకి కూడా వినబడదు. దాని గొంతంతా దానికి తగిలించే ఆంప్లిఫయర్‌లో వుంటుంది. అదైనా ఊరికే పలుకుతుందా? వాల్వులతో పనిచేసే ఫెండర్, మార్షల్, వాక్స్ పెట్టెల్ని బాగా గట్టిగా పెడితే తప్ప ఆ నిండుదనం రాదుట. ఫ్లాట్లలో అది జరిగే పనేనా! పైవాటావాళ్ళు కిందికి దిగుతారు, కిందివాటావాళ్ళు పైకెక్కుతారు.

అందుకే ఉపాయాలు పుట్టాయి. 'బోస్టన్' అనే బృందంలో గిటారు వాయించే టామ్ షోల్జ్ ఎం.ఐ.టి.లో చదివిన ఇంజనీరు. ఆయన 1982లో హెడ్‌ఫోన్లతో వినడానికి రాక్‌మన్ అనే చిన్న పెట్టె తెచ్చాడు. 1998లో లైన్ 6 వాళ్ళ పాడ్ వచ్చింది, ఎర్రగా, పేద్ద చిక్కుడుగింజలా. దాన్లో వాల్వులు లేవు. పేరుపడ్డ ఆంప్లిఫయర్లు ఎలా పలుకుతాయో లెక్కగట్టి, అలాగే పలికిస్తుంది. ఇప్పుడు అలాంటివి గుప్పెట్లో పట్టేంతకి వచ్చేశాయి. గిటారుకే తగిలించుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే సరి. లోపల మహాసభ, బయట నిశ్శబ్దం.

మరి ఇది దొంగ శబ్దం కాదుటండీ? లేని పెట్టె, లేని వాల్వు, లేని గది! అరువు తెచ్చుకున్న గొంతుతో పాడుతూ నా గొంతే అనుకోవడం ఆత్మవంచన కాదా?

ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. సంగీతం నేర్చుకునే మన పిల్లలున్న ఇళ్ళలో ఇవాళ తంబురా ఎక్కడుంది? మీట నొక్కితే పలికే ఎలక్ట్రానిక్ తంబురాయే కదూ. దాని పక్కన కూచుని పాడిన కీర్తన అబద్ధమని ఎవరైనా అన్నారా? పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే కదా కర్ణాటక సంగీతం వినిపించాడు!

అసలు 'అసలు' అనేది ఎక్కడుందో చూడండి. లండన్‌లో డ్రమ్ములు నేర్పుతూ దుకాణం పెట్టుకున్న జిమ్ మార్షల్ 1962లో తన మొదటి ఆంప్లిఫయర్‌ని ఫెండర్ బాస్‌మన్‌ని చూసే చేయించాడు. 1964లో 'కింక్స్' బృందంలోని డేవ్ డేవీస్ స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోసి, ఆ చిరుగు శబ్దంతోనే పాట రికార్డు చేశాడు. అప్పుడు పాడుచేసిన వస్తువు, ఇప్పుడు పదిలంగా నకలు తీయాల్సిన వస్తువయింది. కాబట్టి నకలు దగ్గర నాకు పేచీ లేదు.

నా పేచీ ఇంకోచోట. యంత్రంతోపాటు కంపెనీవాళ్ళు సిద్ధం చేసి ఇచ్చే శబ్దాలుంటాయి. ఒక్కోటీ కల్యాణమండపంలో మోగినట్టుంటుంది. కావలసినంత ప్రతిధ్వని, దానిమీద డిస్టార్షన్ గరగర. ఆ గరగర ఎక్కువైతే మెల్లిగా మీటినా, గట్టిగా మీటినా ఒకలాగే వినిపిస్తుంది. వేలు తడబడినా ప్రతిధ్వని కప్పేస్తుంది. చీరల దుకాణంలో దీపాలు గుర్తొస్తాయి నాకు. వాటి కింద ఏ చీరయినా బావుంటుంది. రంగు తెలియాలంటే వాకిట్లోకి తెచ్చి చూడాలి.

మా అబ్బాయి ఇంజనీరింగు రెండో సంవత్సరం. వాడి యంత్రాన్ని వాకిట్లోకి తేవడానికి ఒక ఆదివారం పట్టింది. ఒకే ఆంప్లిఫయర్, దానికి ఒకే స్పీకరు నకలు ఎంచుకున్నాడు. ఈ స్పీకరు సంగతి ముఖ్యం. గిటారు స్పీకర్లు అయిదువేల హెర్ట్‌జ్ దాటిన ధ్వనిని పెద్దగా పలకవు. హెడ్‌ఫోన్లు అన్నీ పలికేస్తాయి. అందుకని స్పీకరు నకలు లేకపోతే చెవిలో పోపు చిటపటలే. ఆ పైన వుండే కీచుదనాన్నీ, వంద హెర్ట్‌జ్ కిందుండే గుబగుబనీ కాస్త కోశాడు. డిస్టార్షన్ సగానికి తగ్గించాడు. ప్రతిధ్వని మాత్రం చిటికెడు వుంచాడు, లేకపోతే గిటారు పుర్రెలోపల మోగుతున్నట్టుంటుంది. ఇంకో చిక్కేమిటంటే, తక్కువ శబ్దంలో మన చెవికి మంద్రమూ తారమూ సరిగా అందవు. కొంచెం పెంచగానే అంతా అందంగా తోస్తుంది. ఆ మోహంలో పెంచుకుంటూ పోతే చెవులే పోతాయి. వారానికి నలభై గంటలు వినేవాళ్ళు ఎనభై డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతోంది.

అన్నీ సర్ది వాయించి, మొహం ముడుచుకున్నాడు.

"అమ్మా, ఇలా పెడితే నా తప్పులన్నీ వినబడుతున్నాయి."

"అవి మరెవరివిరా నాన్నా?"

నవ్వాడు గానీ, మర్నాడు గిటారు ముట్టలేదు. ఆ మర్నాడూ ముట్టలేదు. అప్పుడు ఆలోచనలో పడ్డాను. నిజం చెప్పే శబ్దం మనిషిని వాద్యానికే దూరం చేస్తే, ఆ నిజంతో ఏం చేసుకోను? నాలుగో పాఠానికే "భేష్" అన్న సంగీతం మాస్టార్లెవరూ అబద్ధాలకోరులు కారు. ఆ భేష్ లేకపోతే అయిదో పాఠానికి ఎందరు పిల్లలు వచ్చేవారు? అలాగని రోజూ భేష్ వింటూ కూచున్నవాళ్ళనీ చూశాను. వాళ్ళింకా నాలుగో పాఠంలోనే వున్నారు. ఎవరూ వినని చోట కొంచెం పొగడ్త పుచ్చుకోవచ్చు అంటాను నేను. ఎంత పుచ్చుకున్నామో లెక్క చూసుకోవలసిందీ మనమే. చెవుల మీద హెడ్‌ఫోన్లున్నంతసేపు ఇంకెవరూ చూడలేరు కదా.

వాడికి ఈ మాటలేవీ చెప్పలేదు. వాడే యంత్రంలో రెండు శబ్దాలు దాచుకున్నాడు. మొదటిది పొడి పొడిగా వుండేది, దాంతో గంటసేపు సాధన. ఆఖరి పది నిమిషాలకీ గరగరా, ప్రతిధ్వనీ, సమస్తమూ వున్న రెండోది. దానికి 'పాయసం' అని పేరు పెట్టుకున్నాడు. మొదటిదానికి ఇంకా పేరు తోచలేదుట.