ఏ హెడింగ్ కింద?

నాన్న రిటైరయ్యాక తన జ్ఞాపకాలు చెబుతానంటే ఫోన్‌లో రికార్డు చేశాను. ఆదివారాలు కూర్చుని టైపు చేస్తే 140 పేజీలు తేలింది. అంత పొడుగు ఫైల్లో ఏది ఎక్కడుందో వెతుక్కోలేక వర్డ్‌లో హెడింగులు పెట్టుకున్నాను. బాల్యం, చదువు, ఉద్యోగం, పిల్లలు, రిటైర్మెంట్. ఇవి మొదటి లెవెల్. ఉద్యోగం కింద బదిలీ అయిన ఒక్కో ఊరూ రెండో లెవెల్. ఊరి కింద ఆ ఊరి సంగతులు మూడోది. నిజానికి ఈ వరస నాది కాదు, నాన్నదే. ఆయన ఏ సంగతీ సంవత్సరంతో చెప్పడు. "మనం ఆత్మకూరులో ఉన్నప్పుడు" అని మొదలుపెడతాడు.

హెడింగ్ పక్కన కర్సర్ పెడితే చిన్న త్రికోణం కనిపిస్తుంది. నొక్కితే దాని కిందున్నదంతా ముడుచుకుపోతుంది. అన్నీ ముడిస్తే 140 పేజీల మనిషి అయిదు లైన్లలో సరిపోతాడు. ఎడమవైపు నావిగేషన్ పేన్‌లో ఆ లైన్ల మీద నొక్కుతూ ఎక్కడికి కావాలంటే అక్కడికి దూకొచ్చు. నాకు చాలా సంతోషంగా ఉండేది, ఇల్లు సర్దినట్టు.

ఒకరోజు అమ్మ వెనక నిలబడి చూసింది.

"అన్నీ రాశావా?"

"అన్నీ ఉన్నాయమ్మా."

"చంటిది ఎక్కడుందే?"

ఉద్యోగం తెరిచాను. మదనపల్లె తెరిచాను. కొత్త బ్రాంచి, ఇంటి ఓనరు, పాప, ఆడిట్. 'పాప' కూడా తెరిచాను. నేను పుట్టడానికి ముందు పోయిన అక్క గురించి నాన్న చెప్పింది రెండు వాక్యాలు. అక్కడున్నప్పుడే పాప జ్వరంతో పోయింది. ఆ మార్చిలోనే ఆడిట్ పడింది.

"అంత లోపలుందా," అంది అమ్మ. కోపంగా కాదు. బీరువాలో ఏదో ఏ అరలో ఉందో తెలుసుకున్నట్టు అని, వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నుంచీ నన్ను ఒక ప్రశ్న వదల్లేదు. నేను దేన్నీ చెరపలేదు, అబద్ధం రాయలేదు. ఉన్నదాన్ని ఉన్నచోటే ముడిచి పెట్టాను. మరి నా వైపు తప్పేమైనా ఉందా?

ముడవడాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ చేసిన ప్రదర్శనలో లోకానికి గుర్తుండిపోయింది మౌస్. అదే రోజు ఆయన తెర మీద ఒక సరుకుల జాబితాని వర్గాలుగా సర్ది, ముడిచి, తెరిచి చూపించాడు. మనిషి బుర్రకి అందనంత సమాచారాన్ని అందేలా చేయడం ఎలా అన్నది ఆయన ధ్యాస. 2003లో కార్‌స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త తన నోట్సు కోసం రాసుకున్న ఆర్గ్‌మోడ్‌లోనూ అంతే, టాబ్ నొక్కితే హెడింగ్ ముడుచుకుంటుంది. ముడవకుండా ఆలోచించలేం. నిన్నటిది కొంత ముడిస్తేనే ఇవాళ ఆఫీసుకి వెళ్లగలం.

చిక్కు ముడవడంలో లేదు, దానికి ముందు జరిగే పనిలో ఉంది. ముడవాలంటే ప్రతిదీ ఇంకోదాని కింద ఉండాలి, అదీ ఒక్కదాని కిందే. పాప మదనపల్లె కింద ఉంటే అమ్మ కింద ఉండదు. ఆత్మకూరు ముందా మదనపల్లె ముందా అని నాన్న తడబడినప్పుడు, పేన్‌లో మదనపల్లెని పట్టుకుని రెండుసార్లు పైకీ కిందకీ లాగాను. హెడింగ్‌ని లాగితే దాని కిందవన్నీ వెంటే వస్తాయి. రెండుసార్లూ పాప కూడా వెళ్లింది. నేను గమనించలేదు.

ఇది మా ఇంటి సంగతే కాదు. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ వర్గీకరణలో 200 నంబరు మతానిది. 220 నుంచి 289 దాకా బైబిలూ క్రైస్తవమూ. మిగతా ప్రపంచపు మతాలన్నీ 290ల్లో. హిందూమతం 294.5, ఇస్లాం 297. ఎవరి పుస్తకాన్నీ తగలబెట్టలేదు, ప్రతిదానికీ చోటుంది, వెతికితే దొరుకుతుంది. కానీ ఆ అలమరాల మధ్య తిరిగే పిల్లలకి ఎవరు ముఖ్యులో, ఎవరు 'ఇతరులో' నంబర్లే చెప్పేస్తాయి. అమ్మకి నా హెడింగులు చెప్పింది కూడా అదే.

హెడింగే తలరాత అనడానికీ లేదు. భగవద్గీత ఎక్కడుంది? మహాభారతంలో, భీష్మపర్వంలో. వరస ప్రకారం యుద్ధం కింద వచ్చే ఒక భాగం. తిక్కన తెలుగు చేసేటప్పుడు దాన్ని బాగా కుదించాడు కూడా. అయినా జనం దాన్ని బయటికి తీసి విడి పుస్తకం చేసుకున్నారు. దేని బరువైనా అది ఏ మెట్టు మీద ఉందన్న దాన్ని బట్టే తేలదు, దాని కోసం వచ్చి అడిగేవాళ్లని బట్టి కూడా తేలుతుంది. గీత కోసం అడిగేవాళ్లు కోట్లమంది. పాప కోసం అడిగింది ఒక్కరు.

అందుకని దిద్దుబాటుకి పూనుకున్నాను. ఆల్ట్, షిఫ్ట్ పట్టుకుని ఎడమ బాణం నొక్కితే హెడింగ్ ఒక మెట్టు ఎక్కుతుంది. రెండుసార్లు నొక్కాను. పాప ఇప్పుడు 'ఉద్యోగం'తో సమానం. అప్పుడు నేననుకోనిది ఒకటి జరిగింది. పాప మధ్యలో పైకి లేచేసరికి, తర్వాతున్న ఆడిట్, ఆ తర్వాతి నాలుగు ఊళ్లు, వాటి ఇళ్లు, ప్రమోషన్లు, అన్నీ వచ్చి పాప కింద చేరాయి. కంప్యూటర్ లెక్కలో అది చిన్న పొరపాటు. నేను మాత్రం చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. అమ్మ చెప్పి ఉంటే ఈ పుస్తకం వరస ఇలాగే ఉండేదేమో.

అమ్మని పిలిచి చూపించాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

"అట్లా పైన పెట్టొద్దు. మీ నాన్న చూస్తే తట్టుకోలేడు," అంది.

నాన్న రెండు వాక్యాలతో ఎందుకు ఆపేశాడో నాకు అప్పటిదాకా తట్టలేదు. రికార్డింగ్ మళ్లీ విన్నాను. ఆ రెండు వాక్యాల మధ్య ఫ్యాను చప్పుడు బాగా వినిపించేంత ఖాళీ ఉంది. టైపు చేసినప్పుడు నేను దాన్ని ఫుల్‌స్టాప్ చేశాను. ముడిచింది నేనొక్కదాన్నే కాదన్నమాట. నాన్న మడత ఆయన బతకడానికి వేసుకున్నది, నాది వెతుక్కోవడానికి వీలుగా వేసుకున్నది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. వాటిని తెరిచే హక్కు మాత్రం ఒకేలా ఉండదు. అడగకుండా ముడవడం ఎంత తప్పో, అడగకుండా పైకెత్తి అందరికీ చూపించడం కూడా అంతే తప్పు.

"మరేం చేయమంటావు?"

"దానికి పేరుంది కదే. పాప అని రాశావేంటి?"

హెడింగ్ మళ్లీ మూడో లెవెల్‌కి దించాను. పేరు రాశాను. ఆ పేరు అమ్మది కాబట్టి ఇక్కడ రాయను. దాని కింద అమ్మ చెప్పగా చెప్పగా మూడు పేజీలు వచ్చింది. వాటిలో మదనపల్లె చలి ఉంది, ఉన్ని టోపీ ఉంది, ఆడిట్ లేదు.

నాన్న ఆ పేజీలు ఇంకా చదవలేదు. తెర మీద అక్షరాలు ఆనడం లేదని, ప్రింటు తీశాక చూస్తానని అంటున్నాడు. కాగితం మీద ఆ త్రికోణాలుండవు. పేజీలు తిప్పుకుంటూ పోతే మదనపల్లె వస్తుంది.