ధర్మమా? ప్రేమయా?



1 కొరింథీయులకు 13వ అధ్యాయము ప్రేమను గూర్చినదని మన ఆదివారపు బడి పిల్లలైనను ఎరుగుదురు. అయితే 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ ఆంగ్ల బైబిలు తెరచి చూచినయెడల, ఆ అధ్యాయములో ప్రేమకు ఆంగ్లేయులు వాడుకగా పలుకు ‘లవ్’ అను మాట ఒక్కసారియైనను కానరాదు. దానికి బదులు ‘ఛారిటీ’ అని యున్నది. నేటి ఆంగ్లములో ఛారిటీ అనగా బీదలకు చేయు దానధర్మము. మరి అపొస్తలుడు చెప్పినది ధర్మమా? ప్రేమయా?

పౌలు వ్రాసిన గ్రీకు మాట అగాపే. దేవుడే ప్రేమయని యోహాను తన మొదటి పత్రికలో తెలిపినప్పుడు వాడినదియు ఆ మాటయే. లాటిను బైబిలులో ఈ అధ్యాయమున దానిని ‘కారితాస్’ అనిరి. ఆ మాటకు మన తెలుగులో చక్కని జోడు కలదు. సంతలో ధర హెచ్చినప్పుడు బియ్యము ప్రియమైనవందుము. ఉత్తరములో ప్రియమైన తమ్మునికి అని వ్రాయుదుము. వెల హెచ్చినదియు ప్రియమే, మనసుకు దగ్గరైనదియు ప్రియమే. కారితాస్ కూడ అట్టిదే. ఎదుటివానిని విలువగలవానిగా ఎంచి హత్తుకొనుట దాని భావము. ఛారిటీ ఆ తల్లికి పుట్టిన బిడ్డ.

అయితే బిడ్డ క్రమక్రమముగా తల్లియిల్లు విడిచెను. 1601లోనే ఇంగ్లాండులో ఒక చట్టము చేయబడెను. ముసలివారిని బీదలను ఆదుకొనుటకు, పాఠశాలలు నడపుటకు, వంతెనలు బాటలు బాగుచేయించుటకు ఇచ్చిన ఆస్తులను అది ఛారిటీ పేరిట లెక్కించెను. మనము ధర్మసత్రము, ధర్మాసుపత్రి అనుచున్నట్లే. కాలము గడచినకొలది హృదయములోని ప్రేమ మరుగుపడి, చేతితో ఇచ్చు పని మాత్రము ఆ మాటకు మిగిలెను.

ఈ రెండు మాటలను గూర్చి పూర్వము గొప్ప వాదము జరిగెను. విలియం టిండేల్ 1526లో అచ్చువేయించిన క్రొత్త నిబంధనలో లవ్ అనియే వ్రాసెను. సర్ థామస్ మోర్ 1529లో దానిని ఆక్షేపించెను. లవ్ అనునది మంచి చెడ్డలన్నిటికిని చెల్లు మాట, ఛారిటీ అనునది సత్ప్రేమకే చెల్లు మాట అని ఆయన వాదము. అందులో సత్యము లేకపోలేదు. మనలోను ప్రేమ అను మాట సినిమాలో ఒక రీతిగాను, ప్రసంగవేదికమీద మరియొక రీతిగాను వినబడుచున్నది గదా! అయినను 1881లో సవరించిన ఆంగ్ల క్రొత్త నిబంధనలో మరల లవ్ అనియే వేసిరి.

ఈ తేడా మనకెందుకని తలంచవద్దు. మూడవ వచనము చూడుడి. తన ఆస్తియంతయు బీదలకు పెట్టినవానికి సహితము ఒకటి కొదువ కావచ్చునని అపొస్తలుడు చెప్పుచున్నాడు. ఆ కొదువయైనది దానధర్మమే అనుకొనినయెడల వాక్యమునకు అర్థమే లేదు. సర్వము ధర్మము చేసినవానికి ధర్మము కొదువ యెట్లగును? కొదువైనది ప్రేమ.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: అయ్యగారూ, ఆకలిగొన్నవానికి ప్రేమతో పెట్టినను ప్రేమలేక పెట్టినను కడుపు నిండును గదా? నిజమే, నిండును. అపొస్తలుడును దానిని కాదనలేదు. బీదవానికి లాభము లేదనలేదు. తనకు లాభము లేదనెను. నష్టము ఇచ్చినవానిదే.

అయినను పుచ్చుకొనువారికిని ఆ తేడా తెలియును. పాలెము చివర నుండు ముసలి విధవరాలిని తలంచుడి. క్రిస్మసునాడు ఆమెను నలుగురిలో నిలువబెట్టి, పేరు చదివి, చీర చేతిలో పెట్టుదురు. అందరును చప్పట్లు కొట్టుదురు. మరునాటినుండి ఆమె గడపలో కూర్చుండి, అవ్వా, తింటివా అని అడుగువారు లేరు. చలికి చీర అక్కరకు వచ్చినది, మంచిదే. అయితే ఆమెను ప్రియమైనదానిగా ఎంచినవారెవరు?

అట్లని ప్రేమ పుట్టువరకు చేయి ముడుచుకొనవచ్చునా? కూడదు. దిగంబరునితో వెచ్చగా ఉండుమని చెప్పి వట్టి చేతులతో పంపువానిని యాకోబు గద్దించుచున్నాడు. ప్రేమలేని ధర్మము ఇచ్చువానికి వ్యర్థము. ధర్మములేని ప్రేమ ఆకలిగొన్నవానికి వట్టి మాట. మనసు చల్లగా ఉన్నను చేయి చాపుము. చాపిన చేతివెంట నీ కాళ్లును ఆ యింటికి నడవనిమ్ము. కూర్చుండి ఆమె మాట వినుము. తరచుగా ప్రేమ ఆలాగుననే మొదలగును.

పౌలు కూడ ప్రేమకు నిఘంటువులోని అర్థము చెప్పలేదు. అది చేయు పనులను, చేయని పనులను వరుసగా చెప్పెను: ఓర్చుకొనును, దయ చూపును, డంబముగా ప్రవర్తింపదు. మాటలు కాలముతోపాటు అరిగిపోవును. ఈ గుర్తులు అరుగవు. ఈ నెలలో పిడికెడు బియ్యము తీసిపెట్టునప్పుడు, అవి ఎవరి కడుపునకు చేరునో వారి పేరు పెట్టి ప్రార్థించుడి. వీలైనయెడల మీరే తీసికొనిపోయి ఇయ్యుడి. మనలను వెలగలవారినిగా ఎంచి తన్నుతాను ఇచ్చుకొనిన ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.