అల్లుడూ, ఒక్కసారిగా మానకురా

అల్లుడూ,

ఆల్‌ప్రాజోలం బిళ్ళలన్నీ పంట కాలవలో విసిరేశావని మీ అమ్మ ఫోన్లో చెప్పి తెగ మురిసిపోయింది. నాకు మాత్రం గుండె గుభేలుమంది.

రొయ్యల చెరువు పెట్టినవాడికి రాత్రిళ్ళు నిద్రెక్కడిదిలే! కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి, తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది. కానీ డాక్టరుగారు పదిరోజులకి రాసిన చీటీతో ఏడాది లాగించేశావు. ఇచ్చిన షాపువాణ్ణి కూడా అనాలి. 2014 నుంచి ఇవి హెచ్1 షెడ్యూల్లో ఉన్నాయి. ఎవరు రాశారు, ఎవరు కొన్నారు అన్నది రిజిస్టరులో ఎక్కించి మూడేళ్ళు దాచాలి.

ఈ మత్తుబిళ్ళల కథ పాతదే. 1955లో మిల్‌టౌన్, 1960లో లిబ్రియం, 1963లో వాలియం. ప్రతిదాన్నీ ముందుదానికన్నా భద్రమైనదనే అమ్మారు. ఆ వాలియం మందే మా రోజుల్లో ఇక్కడ కాంపోజ్. లిబ్రియం బజారుకొచ్చిన మరుసటేడే అమెరికాలో హాలిస్టర్ అనే డాక్టరు, పెద్ద మోతాదులో నెలల తరబడి వాడిన 11 మందికి మందు తీసేసి ఉత్తుత్తి బిళ్ళలిచ్చి చూశాడు. పదిమందికి కొత్త బాధలు మొదలయ్యాయి, ఇద్దరికి ఫిట్సొచ్చాయి. అప్పుడే తెలిసిన సంగతి మనదాకా రావడానికి ఇన్నేళ్ళు!

అంతదూరమెందుకు? 2015లో తెలంగాణలో కల్తీ కల్లు ఆపించినప్పుడు చూడు. అందులో కలిపింది ఆల్‌ప్రాజోలం, డైజిపామ్‌లాంటివే. అది దొరక్కపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకీ, హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికీ జనం పోటెత్తారు. చేతులు వణకడం, లేనివి కనపడ్డం, ఫిట్స్. ఏ మందుకి అలవాటు పడ్డారో కూడా ఎరగరు పాపం.

నీది వాళ్ళంత మోతాదు కాకపోవచ్చు. అయినా ఏడాదంటే మెదడు ఆ బిళ్ళ మీద ఆనుకోవడం నేర్చేసి ఉంటుంది. హఠాత్తుగా లాగేస్తే రేగిపోతుంది. దీనికీ మనోబలానికీ సంబంధం లేదురా, భీష్మప్రతిజ్ఞలు ఇక్కడ పనికిరావు.

ఇవాళే కాకినాడ పెద్దాసుపత్రికి బయల్దేరు. మానసిక వైద్య విభాగమనగానే మొహం చిట్లించకు. రోజుకెన్ని వేసుకున్నావో, ఎన్నాళ్ళు వేసుకున్నావో దాచకుండా చెప్పు. అమ్మ ముందు మొహమాటమైతే ఆవిణ్ణి బయట కూచోబెట్టు. కొంచెం కొంచెంగా, వారాలో నెలలో పట్టినా, వాళ్ళే తగ్గించుకుంటూ వస్తారు. బండి నువ్వు నడపకు, తమ్ముణ్ణి తోలమను. దారిలో ఒళ్ళు వణికినా, మనిషి తేడా చేసినా 108కి కొట్టమను. నిద్ర పట్టట్లేదని సీసా ముందు మాత్రం కూచోకు. వాళ్ళిచ్చిన బిళ్ళ మీద సారా పడితే ఊపిరే ఆగొచ్చు. అర్ధరాత్రి దిగులు పుడితే 14416కి చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.

చెరువు కాపలాకి సాయంత్రం బస్సుకి నేనొస్తున్నా. జనరేటర్లో డీజిలు పోయించి ఉంచు.

మీ మావయ్య